గుంతలోకి దిగని పెట్టె

గద్వాల,
3 జూన్ 2024

సుహాసినికి, నీ వదిన పద్మజ రాసేది.

మన్ననూర్ అడవిలో నువ్వూ పులులూ ఒకరి జోలికి ఒకరు పోకుండా ఉన్నారనుకుంటాను. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్న మాత్రం ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే బాగున్నాడు.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. ఫోను చేస్తే నీ మాట చెట్ల మధ్య ముక్కలై వస్తుంది. పైగా మీ అన్న పక్కనే కూర్చుని "స్పీకర్ పెట్టు, నేను గూడ ఇంట" అంటాడు. కాయితమైతే నాకు ఆ భయం లేదు. పది వరుసలు దాటిన కాయితాన్ని ఆయన చదవగా నేను ఇంతవరకూ చూడలేదు.

సంగతేమిటంటే, ఆయనకు పెద్ద పని దొరికింది. గట్టు ఊరికి పోయే రోడ్డు మీద కొత్తగా ఒక ప్లాట్ల వెంచర్ లేచింది. పేరు బృందావనం. అక్కడున్న ఒక్కగానొక్క తుమ్మచెట్టును కమాను కట్టడానికి కొట్టేశారు. ఆ బృందావనంలో మురుగునీటి పైపులు వేసే కాంట్రాక్టు మీ అన్నది. అప్పటినుంచి నడకే మారిపోయింది. పసుపురంగు హెల్మెట్ కొని, పెట్టుకుని, ఫొటో దిగి చుట్టాలందరికీ పంపాడు. నీకూ వచ్చే ఉంటుంది. ఫొటో అయ్యాక ఆ హెల్మెట్‌లో నేను ఉల్లిగడ్డలు పోసుకుంటున్నాను.

నిన్న టిఫిన్ ఇవ్వడానికి వెళ్లి కందకం చూశాను. నిలబడ్డ మనిషి మీద ఇంకో మనిషి కూర్చుంటే ఎంతో అంత లోతు. గోడలు కత్తితో కోసినట్టు నిటారుగా ఉన్నాయి. అడుగున గట్టు నుంచి వచ్చిన సాయన్న పైపులు కలుపుతున్నాడు. పైనుంచి అతని భార్య తిమ్మమ్మ తాడుతో సామాను దించుతోంది. తవ్విన మట్టంతా అంచు మీదే కుప్ప పోశారు. ఇది మీద పడదా అని అడిగాను.

"నల్లరేగడి సంగతి నీకేం ఎర్కనే? గట్టిపడితే సిమెంటు లెక్క ఉంటది. ఇరవై ఏండ్ల సంది తవ్విపిస్తున్న, నాకేమన్న అయ్యిందా?" అన్నాడు మీ అన్న.

ఆయనకేమీ కాలేదన్నది నేనూ ఒప్పుకుంటాను. గొడుగు కింద కుర్చీలో కూర్చునే మనిషికి ఎండ తప్ప ఇంకేం తగులుతుంది?

నువ్వు చదువుకున్న ఇంజనీరువి. నువ్వేమంటావో రాయి.

నీ వదిన,
పద్మజ

*

మన్ననూర్,
11 జూన్ 2024

వదినా,

నీ ఉత్తరం చూసి మా పోస్ట్‌మన్ "ఎవలన్న వోయిండ్రా మేడం?" అని అడిగాడు. ఉత్తరమంటే ఇక్కడ అంత భయం. నీది చదివి నేను పొట్ట పట్టుకుని నవ్వేసరికి అతనికి ఇంకా భయం పట్టుకుంది.

నా పని సాగుతోంది. అడవిలో గూడేలకు తాగునీటి పైపు వేస్తున్నాం కదా, గడ్డపార దించాలంటే ముందు అనుమతి కావాలి. పులి నిద్ర చెడకూడదు, జింక దారి మళ్లకూడదు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ నా కందకం పక్కనుంచి నడిచిపోయే పులికి ఉన్న కాయితాల్లో ఒక్కటైనా అన్న కందకంలోకి దిగే సాయన్నకు ఉందా? ఇక్కడ ఒక పులి తగ్గితే ఢిల్లీ దాకా తెలుస్తుంది. అక్కడ సాయన్న తగ్గితే తెల్లారి కూలీల అడ్డా మీదినుంచి ఇంకొకర్ని తెచ్చుకుంటారు.

నల్లరేగడి సిమెంటు కాదని అన్నకు చెప్పు. ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది. పగులులోకి నీళ్లు దిగితే గోడ ఒక్కసారిగా ఊడి పడుతుంది. కింద ఉన్నవాడికి కేక వేసే వ్యవధి కూడా ఉండదు. నడుము దాకా పూడితే నలుగురు లాగినా మనిషి రాడు. ఛాతీ దాకా పూడితే ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుసుకుంటుంది, మళ్లీ పీల్చుకోవడానికి చోటివ్వదు. మొహం బయటే ఉండి కూడా మనిషి చచ్చిపోతాడు వదినా.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. గోడల్ని వాలుగా తీయాలి. చోటు లేదంటే పెట్టె పెట్టాలి. మట్టిని అంచుకు దూరంగా పోయాలి, నిచ్చెన మనిషికి దగ్గర్లో ఉండాలి. పెట్టె గురించి పోయిన నెల అన్నకు ఫోనులో అరగంట చెప్పాను. సిగ్నల్ పోతూ వస్తూ ఉన్నా "ఆఁ, పెట్టె గదా, సమజైంది" అన్నాడు. అందుకే మళ్లీ అదంతా రాసి నీ తల తినను. ఆ పెట్టె పెట్టించు, నాకదే చాలు.

అన్న ఫొటో అందింది. హెల్మెట్ వెనకది ముందుకు పెట్టుకున్నాడని మాత్రం చెప్పకు.

నీ
సుహాసిని

*

గద్వాల,
20 జూన్ 2024

సుహాసినికి,

ముందు శుభవార్త. పెట్టె ఉంది!

నీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క వరకూ మీ అన్నకు చదివి వినిపించాను. "పెట్టెనా? పోయిన వారమే వెట్టించిన. నా చెల్లె చెప్తే చెయ్యకుంట ఉంటనా?" అన్నాడు. నేను నమ్మలేదు. వెళ్లి చూశాను. ఇనుపదే. ఎర్రరంగు వేసి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కూడా కొట్టారు. తాళం ఉంది. తాళంచెవి మీ అన్న జేబులో ఉంది. వెంచర్ సేటు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

వాలు సంగతి మాత్రం కుదరదట. వాలుగా తీస్తే రెండు పక్కలా ప్లాట్లు తరుగుతాయి. "గుంత పైపు పండుకునేతందుకా, మనిషి పండుకునేతందుకా?" అని సేటు అడిగాడట. మట్టి దూరంగా పోద్దామంటే ప్లాట్లు చూడవచ్చేవాళ్ల కార్లు తిరగడానికి చోటుండదట. అయినా రక్షణ లేదనకు. కందకం అంచు వెంట ప్లాస్టిక్ బంతిపూల దండలు కట్టారు. ఎవరైనా పడితే పూలతో సహా పడతారు.

జేసీబీ నడిపే మునవ్వర్ ఒక్కడే గొణుగుతున్నాడు. "భాభీ, బండి అంచుకొస్తే గోడ వణుకుతున్నది. జర సార్‌కు చెప్పుండ్రి" అన్నాడు. చెప్పాను. "ఆన్ని జేసీబీ నడుపుమంటే నా బుర్ర నడుపుతున్నడు" అన్నాడు మీ అన్న. నాకూ నవ్వొచ్చింది.

మబ్బులు పడుతున్నాయి. మామిడికాయ తొక్కు పెట్టాను, అచ్చంపేట వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపిస్తాను.

వదిన

*

మన్ననూర్,
29 జూన్ 2024

వదినా,

అన్న నోట్లో నా తరఫున ఒక జిలేబీ పెట్టు. నిజంగా పెట్టె తెప్పించాడంటే ఆయన గురించి ఇన్నేళ్లుగా అనుకున్నదాంట్లో పావు వంతు వెనక్కి తీసుకుంటాను. ఈ వారమంతా హాయిగా నిద్రపోయాను.

తాళమెందుకో మాత్రం అర్థం కాలేదు. రెండు పక్కలా మనిషిని మించిన ఎత్తు ఇనుప పలకలు, వాటి మధ్య అడ్డ దూలాలు. అంత బరువును ఎత్తుకుపోవాలంటే దొంగ కూడా మునవ్వర్ జేసీబీనే అద్దెకడగాలి. సేటు తృప్తికోసం వేశారు కాబోలు.

ఒకటి గుర్తుంచుకో. పలకల పై అంచు నేలకంటే జానెడు పైకి రావాలి. సాయన్న ఆ రెండు పలకల మధ్యే ఉండాలి. పని ముందుకు జరిగితే పెట్టెనూ ముందుకు లాగాలి. వాన పడితే గోడలు చూడకుండా ఎవర్నీ దింపొద్దు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో భద్రత మీద ఒక సమావేశానికి పిలిచారు. వెళ్లాను. ప్రమాదం వస్తే బయటికి ఎలా పరుగెత్తాలో తెర మీద బొమ్మలు చూపించారు. ఆ హాలుకు రెండు తలుపులుంటే ఒకదానికి అడ్డంగా కుర్చీలు పేర్చారు, ఇంకొకదానికి అడ్డంగా సమోసాల బల్ల పెట్టారు. అందరం రెండో తలుపువైపే పరుగెత్తాం.

తొక్కు ఇంకా రాలేదు. దారిలో ఎవరో తింటున్నారు.

నీ
సుహాసిని

*

మన్ననూర్,
10 జులై 2024

పద్మజ గారికి,

అచ్చంపేట వెళ్లొచ్చిన మావాళ్లు పేపరు తెచ్చారు. అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను, మీరు చూడలేదంటారేమోనని.

"మద్యం మత్తులో కందకంలో పడిన కూలీ. స్వల్ప గాయాలు. భద్రత పెట్టె అందుబాటులో ఉందని, ఇంజనీరైన తన చెల్లెలు సుహాసిని పర్యవేక్షణలోనే పనులు సాగుతున్నాయని కాంట్రాక్టర్ మహిపాల్ తెలిపారు."

నా పర్యవేక్షణ! నేను ఆ కందకం మొహం కూడా చూడలేదు. నాకు తెలిసిందంతా మీరు రాసినదే. పెట్టె ఉందని రాశారు, కళ్లారా చూశానని రాశారు. పలకల మధ్య నిలబడ్డ మనిషి మీద మట్టి ఎలా పడుతుంది? నాతో అబద్ధం చెప్పమని అన్న అన్నాడా, మీకే తోచిందా?

మీ ఉత్తరాలు సరదాగా ఉంటాయి. ఇక్కడ అందరికీ చదివి వినిపించేదాన్ని. బంతిపూల దండలని రాస్తే పగలబడి నవ్వాం. ఇప్పుడు సాయన్న ఎలా ఉన్నాడో ఆ సరదా భాషలోనే రాయండి, చదువుతాను.

సుహాసిని

*

కర్నూలు,
15 జులై 2024

సుహాసిని గారికి,

మీరు గారు అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను. ఇంతకంటే కోపగించుకునే ఓపిక లేదు. ఇది దవాఖానా వరండాలో కూర్చుని రాస్తున్నాను. సాయన్న బతికే ఉన్నాడు. తుంటి విరిగింది, పక్కటెముకలు విరిగాయి. పేపరు భాషలో దీన్ని స్వల్పం అంటారని నాకూ ఇప్పుడే తెలిసింది.

జరిగింది విను. శుక్రవారం గట్టిగా వాన పడింది. శనివారం పొద్దున సేటు ప్లాట్లు కొనేవాళ్లను తెస్తున్నాడు. కుటుంబంతో సహా కనబడితే నమ్మకం కలుగుతుందని మీ అన్న నాకు పట్టుచీర కట్టించి తీసుకుపోయాడు. తిమ్మమ్మ ఎదురొచ్చి "వాన వడ్డది సారు, ఇయ్యాల మా ఆయన దిగడు" అంది. "పని చెయ్యొద్దులేవే. వచ్చినోళ్లకు పని నడుస్తున్నట్టు కనవడాలె. ఊకె జర దిగి నిలవడమను" అన్నాడు మీ అన్న.

సాయన్న దిగాడు. పైపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. పని కోసం కాదు సుహాసినీ, చూసేవాళ్ల కోసం.

కార్లు వచ్చి ఆగాయి. బస్తా దించితే వచ్చే చప్పుడు ఒకటి వచ్చింది, అంతే. చూస్తే కుప్పపోసిన మట్టీ, దాని కింది గోడా రెండూ లేవు. కింద సాయన్న తల, ఒక చెయ్యి కనబడుతున్నాయి. తిమ్మమ్మ దూకబోతే నేను కొంగు పట్టి లాగాను. వచ్చినవాళ్లు ఫోన్లు తీశారు. సేటు మాత్రం "ముందు కస్టమర్లను కార్లెక్కియ్యుండ్రి" అని అరిచాడు.

మీ అన్న "బకెట్ వెట్టి లాగు!" అని మునవ్వర్ మీద కేకలేశాడు. మునవ్వర్ ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "బకెట్ వెడ్తె మనిషి తెగిపోతడు సార్" అని కిందికి దిగి, కమాను పక్కనున్న వెంచర్ బోర్డు పీకించాడు. మీ కలల ఇల్లు అని రాసుంటుందే, అదే. దాని చట్రాన్నీ చెక్కల్నీ గోడలకు అడ్డం బిగించి, ఆ తర్వాతే ఇద్దర్ని దింపి చేతులతో, గిన్నెలతో మట్టి తీయించాడు. సాయన్న చిన్నగా, కుక్కపిల్లలా ఊపిరి పీలుస్తున్నాడు. నేను అంచుకు దూరంగా బోర్లా పడుకుని అతని పేరు పిలుస్తూనే ఉన్నాను. నిద్రపోనియ్యొద్దని ఎవరో అన్నారు.

పైకి తీశాక ఎవరో "ఆ పెట్టె తెరువుండ్రి" అన్నారు. మీ అన్న తాళం తీశాడు. లోపల దూది, టింక్చర్ సీసా, ఆయన చలువ కళ్లద్దాలు. అదీ నేను నీకు రాసిన పెట్టె. స్తంభానికి కొట్టిన మందుల పెట్టె. నేను దాన్ని చూడబోయిన రోజే తిమ్మమ్మ నన్ను అడిగింది, "ఇదెందుకమ్మా?" అని. "నీ మొగుడు బతికేతందుకే" అన్నాను. "ఇండ్ల మా ఆయన ఎట్ల వడ్తడు?" అంది. పరాచికమాడుతోందని నవ్వుకుని వచ్చేశాను.

పలకలు, దూలాలు అని నువ్వు రాసిన ఉత్తరం వానలకు ఎక్కడో ఆగి, ఆదివారం నాడు ఎవరో తలుపు సందులో పడేసి పోయారు. అబద్ధం చెప్పమని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాశాను.

ఇక మద్యం. శనివారం సాయన్నకు ఒక్కపొద్దు. పొద్దున చాయ్ కూడా తాగలేదు. సాయన్న తాగాడని మీ అన్న స్టేషన్‌లో చెప్పి, సాక్ష్యానికి నన్ను చూపించాడు. "మీరు గూడ చూసిండ్రా మేడం?" అన్నాడు ఎస్సై. చూశానన్నాను. తాగలేదన్నాను. గోడకు అడ్డం ఏమీ లేదన్నాను. వద్దంటే నా భర్తే దింపాడన్నాను. ఎస్సై రాసుకునేదాకా అక్కడే కూర్చున్నాను.

మెట్ల మీద మీ అన్న "ఇంటి పరువు దీస్తివి గదనే" అన్నాడు. "నేనెక్కడ తీసిన? అది ఇంకా గుంతలనే ఉన్నది, మునవ్వర్‌ను పిలువు" అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇదే సరదా భాష. ఇంతకంటే నాకు రాదు.

పద్మజ

*

మన్ననూర్,
28 జులై 2024

వదినా,

గారు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వూ తీసుకో.

సెలవు దొరికి కర్నూలు వెళ్లొచ్చాను. నువ్వు ముందురోజే గద్వాలకు తిరిగి వెళ్లావట. సాయన్న పక్క మీదినుంచే నన్ను చూసి దండం పెట్టబోయాడు. నాకు ఎటు చూడాలో తోచలేదు. తిమ్మమ్మ నా చేతిలో అరటిపండు పెట్టి ఒక్క మాట అంది. "వైద్యం చేపిస్తమంటున్రు, చేపియ్యనీ. గని ఊర్ల అందరు ఏమంటున్రు? తాగి వడ్డడంట అంటున్రు. మా పిల్లకు సంబంధం చూస్తున్నమమ్మా. తాగలేదని ఆ సార్ నోటితోనే చెప్పాలె, అందరు ఇనంగ చెప్పాలె." ఇంకేమీ అడగలేదు.

తిరుగు దారిలో గద్వాలలో దిగి అన్నను సైటు దగ్గర కలిశాను. ఇంటికి రాలేదు, కోపం తెచ్చుకోకు. వస్తే నీ చేతి అన్నం తిని మెత్తబడేదాన్ని. నా పేరు వాడుకున్నందుకు నేనూ స్టేషన్‌లో రాసిస్తానన్నాను. "సొంత చెల్లెవు నువ్వు గూడనా?" అన్నాడు. నేను గూడనే అన్నాను. పెట్టె బొమ్మ నేల మీద గీసి చూపించాను. ఈసారి సిగ్నల్ పోవడానికి వీల్లేకుండా ఎదురుగా నిలబడి చెప్పాను. అది తయారై కందకంలోకి దిగేదాకా మనుషులెవరూ దిగొద్దన్నాను. ముందెన్నడూ లేనిది, ఎదురు మాట్లాడకుండా విన్నాడు. భయపడ్డాడో, బుద్ధి వచ్చిందో తేల్చుకోలేకపోయాను. కందకంలో ఉన్నవాడికి రెండూ ఒకటే అనుకుని బస్సెక్కాను.

నీ
సుహాసిని

*

గద్వాల,
8 సెప్టెంబర్ 2024

సుహాసినికి,

ఆలస్యంగా రాస్తున్నాను. ఇంట్లో ఒక శాస్త్రవేత్త ఉంటే ఆడదానికి తీరిక ఉండదు.

అవును, మీ అన్నే. నువ్వు గీసిన బొమ్మ ప్రకారం వెల్డింగ్ షాపులో పలకలు చేయించాడా, అవి తయారయ్యేసరికి ఆ ఆలోచన ఆయనదే అయిపోయింది. "గిసొంటిది మన జిల్లాల నేనే ఫస్టు" అని వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు. సేటు కూడా ప్లాట్ల కాయితాల మీద ‘భద్రతకు ప్రాధాన్యం’ అని అచ్చు వేయించాడు. కేసు నడుస్తూనే ఉంది. అది వేరే సంగతి.

నిన్న పని మళ్లీ మొదలైంది. ఊరికే మొదలుపెడితే మీ అన్న ఎందుకవుతాడు? షామియానా వేయించాడు. మైకు పెట్టించాడు. ఆ వార్త రాసిన విలేకరినే పిలిచాడు. తిమ్మమ్మకు శాలువా కప్పుతానని కబురు పంపాడు. ఆమె వచ్చింది. సాయన్న కూడా కర్ర పట్టుకుని ఆటోలో వచ్చాడు. ఇక పైపు పని చేయలేడు. గట్టులో బావమరిది కిరాణా కొట్టులో కూర్చుంటున్నాడు.

మునవ్వర్ పెట్టెను దించాడు. పై అంచు జానెడు పైకి ఉంది, నేనే చూశాను. మట్టి కుప్పలు కూడా దూరంగా ఉన్నాయి. మీ అన్న శాలువా విప్పాడు. తిమ్మమ్మ కప్పించుకోలేదు.

"శాలువ వద్దు సారు. నా మొగడు తాగలేదని చెప్పుండ్రి."

"అదంత అయిపోయింది గదమ్మా. ఇప్పుడు మంచి ముచ్చట మాట్లాడుకుందం" అన్నాడు మీ అన్న, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

"మీకు అయిపోయింది. గడ నిలవడి చెప్పుండ్రి" అని కిందికి చూపించింది. "మా ఆయన నిలవడ్డ కాడ."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సాయన్న నవ్వలేదు. కాసేపటికి అందరూ ఆపేశారు. విలేకరి ఫోను పైకెత్తాడు. మీ అన్న నా వైపు చూశాడు, ఏదైనా వెటకారమాడి ఆ ఘడియను దాటిస్తానేమోనని. నేను నిచ్చెన చూపించాను.

తెల్లబట్టలతో దిగాడు. ఆయనకు తలుపు వేసిన గదిలో కూర్చుంటేనే ఉక్కపోస్తుంది, నీకు తెలుసు కదా. రెండు పలకల మధ్య నిలబడి పైకి చూశాడు. దూరాన ఏదో లారీ పోతే నేలంతా సన్నగా అదిరింది. ఆయన రెండు చేతులూ పలకలకు ఆనించుకున్నాడు.

"సాయన్న తాగలే" అన్నాడు.

"ఇనవడ్తలేదు సార్, జర గట్టిగ" అన్నాడు విలేకరి.

"సాయన్న తాగలే! దిగనంటే నేనే దింపిన!"

తిమ్మమ్మ వింది, సాయన్న చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

ఇవాళ పేపరు వచ్చింది. కందకంలో మీ అన్న ఫొటో పెద్దగా వేశారు. కింద ఏం రాశారో ఊహించుకో. ‘స్వయంగా కందకంలోకి దిగి కార్మికుల భద్రతను పరీక్షించిన కాంట్రాక్టర్ మహిపాల్.’ సాయన్న పేరు ఎక్కడా లేదు. విలేకరికి మాత్రం చెవులు బాగానే పనిచేస్తాయి, గట్టిగా చెప్పమన్నది అతనే కదా. సాయంత్రం గట్టుకు పోయి నేనే తిమ్మమ్మ గల్లీలో ఇంటింటికీ చెప్పొస్తాను. మునవ్వర్ ఫోనులో తీసిన వీడియో కూడా నా దగ్గరుంది.

పేపరు తీసుకుపోయి మీ అన్న ముందు పడేశాను. ఫ్రేము కట్టిస్తావా అని అడిగాను. ఆయన దాని వైపు చూడలేదు. రెండు నెలల తర్వాత నాతో మొదటిసారి నోరు విప్పాడు.

"కిందికెళ్లి చూస్తే పైనున్నోళ్ల కాళ్లే కనవడ్తయే. మొకాలు కనవడవు. ఎవలు దింపిండ్రో గూడ తెల్వదు."

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. చాయ్ పోసి, ఆయన పక్కన కూర్చున్నాను.

నీ వదిన,
పద్మజ